సీటు ఎంత ఎత్తులో ఉండాలె?



పోయిన వారం మా కాలేజీలో బీఏ రెండో సంవత్సరం చదివే అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఒక జత పెడల్స్, వాటికి అతుక్కునే ఒక జత బూట్లు, కోడిగుడ్డు ఆకారంలో ఒక చైన్ వీల్. మొత్తం కలిపి 14,500 రూపాయలు. కింద ఇట్లా రాసింది: "సార్, స్కాలర్‌షిప్ పడ్డది. ఇవి వేసుకుంటే స్పీడ్ పెరుగుతదట. యూనివర్సిటీ సెలక్షన్స్‌కు రెండు నెలలే ఉన్నది. తీసుకోమంటరా?"

నేను పొద్దున పూట సైకిల్ తొక్కుతానని కాలేజీలో అందరికీ తెలుసు. అందుకే నన్నడిగింది. "వద్దు" అని ఒక్క మాట రాసి పాఠానికి వెళ్ళిపోవచ్చు. రాయలేకపోయాను. స్కాలర్‌షిప్ డబ్బు ఎన్ని ఆఫీసుల మెట్లెక్కితే పడుతుందో మన పిల్లలకు తెలుసు, నాకూ తెలుసు. ఆ డబ్బు గురించి ఊరికే సలహా పారేయడం తప్పు. ఇంకో సంగతి, అలాంటి చైన్ వీలే ఒకటి నేనూ కొన్నాను. అది ఇప్పుడు మా ఇంట్లో అటక మీద ఉంది.

ఆ అమ్మాయికి చెప్పాల్సినదంతా వాట్సాప్‌లో పట్టదు. అందుకే ఈ వారం భాగం సైకిల్ మీద.

2021లో నేను గేర్ల సైకిల్ కొన్నాను. 46 వేలు, 12 నెలల ఈఎంఐ. అంతకుముందు నా సైకిల్ చదువంతా మా ఊరి సైకిల్ ట్యాక్సీ దగ్గరే. గంటకు రూపాయి కిరాయి. సీటు అందని పిల్లలం ఫ్రేము సందులోంచి కుడికాలు అటువైపు పెడల్ మీదికి పెట్టి, ఒళ్ళంతా వంకర చేసి కాంచీ తొక్కేవాళ్ళం. ఆ టెక్నిక్ మాకెవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ చదవలేదు. గంటలో మనిషికి పదిహేను నిమిషాల చొప్పున నలుగురం పంచుకునేవాళ్ళం కాబట్టి తొందరగా వచ్చేసింది.

కొత్త సైకిల్ కొన్నాక కొత్త స్నేహాలొచ్చాయి. ఆదివారం పొద్దున రోడ్డు మీద కలిసేవాళ్ళు. వాళ్ళు చెప్పిన మొదటి పాఠం: "మీరు పెడల్‌ను తొక్కుతున్నారు సార్. అది తప్పు. గుండ్రంగా తిప్పాలి. కాలు పైకొచ్చేటప్పుడు లాగాలి." లాగాలంటే బూటు పెడల్‌కు అతుక్కోవాలి. అతుక్కోవాలంటే ఆ పెడల్స్ కొనాలి, ఆ బూట్లు కొనాలి. కొన్నాను. మొదటి వారంలోనే చౌరస్తాలో బూటు ఊడక, సైకిల్‌తో సహా పక్కకు పడ్డాను. ఆటోవాళ్ళు లేపారు.

రెండో పాఠం ఆ కోడిగుడ్డు చైన్ వీల్. పెడల్స్ నిట్టనిలువుగా, ఒకటి పైన ఒకటి కింద ఉన్నప్పుడు కాలికి బలం ఉండదు కాబట్టి ఆ చోటు తొందరగా దాటించేలా చక్రాన్ని సాగదీశారని చెప్పారు. 6,800 పెట్టి వేయించాను. మర్నాడు పొద్దున 20 కిలోమీటర్లు తొక్కి చూస్తే మూడు నిమిషాలు తగ్గింది. ఎంత సంబరపడ్డానో! ఇంటికెళ్ళి మా నాయినకు చెప్పాను.

మా నాయిన సుతారి మేస్త్రి. తాపీ, రసమట్టం, తూకపు గుండు సంచిలో వేసి, ఆ సంచి హ్యాండిల్‌కు తగిలించి, ముప్పై ఏళ్ళు రోజూ సూర్యాపేటకు 11 కిలోమీటర్లు పోయి 11 కిలోమీటర్లు వచ్చిన మనిషి. నా మాటంతా విని ఒకటే అడిగాడు.

"ఆ దినం గాలి ఎటు కొట్టిందిరా?"

నా దగ్గర జవాబు లేదు.

పీహెచ్‌డీలో నాకు ఐదేళ్ళు నేర్పింది అదే కదా! ఒక ప్రతి చూసి పాఠం తేల్చకూడదు, నాలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి చూడాలి. సాహిత్యంలో ఆ జాగ్రత్త పాటించేవాణ్ణి సైకిల్ దగ్గరికొచ్చేసరికి ఒక్క పొద్దుటి లెక్కతో తీర్పు చెప్పేశాను. ఎందుకంటే అప్పటికే డబ్బు పెట్టాను. డబ్బు పెట్టినవాడికి ఫలితం కనపడాల్సిన అవసరం ఉంటుంది.

తర్వాత పది రోజులు ఒక పని చేశాను. ఒకరోజు గుండ్రటి చక్రం, ఒకరోజు కోడిగుడ్డు చక్రం. అదే రోడ్డు, అదే వేళ, టైర్లలో అంతే గాలి. నోట్‌బుక్‌లో రాసుకున్నాను. చక్రం మారిస్తే వచ్చిన తేడా కంటే, గాలి ఎదురుగా ఉన్న రోజుకూ వెనక నుంచి కొట్టిన రోజుకూ వచ్చిన తేడానే ఎక్కువ. ఏ రోజు ఏ చక్రమో నాకు తెలుసు కాబట్టి, అది గొప్ప పరీక్షేమీ కాదు. అయినా 6,800 రూపాయల్లో ఆ మూడు నిమిషాలు మళ్ళీ కనపడలేదు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

ఈ కోడిగుడ్డు చక్రం కొత్తది కాదు. 1980లలో షిమానో కంపెనీ బయోపేస్ అనే పేరుతో తెచ్చింది. కాలికి బలమున్న చోట తేలిగ్గా ఉండేలా చక్రాన్ని సాగదీశారు. కొన్నేళ్ళు బాగా నడిచి తర్వాత మార్కెట్లోంచి పోయింది. ఆ తర్వాత వేరే కంపెనీలు మళ్ళీ కోడిగుడ్డు చక్రాలు తెచ్చాయి. ఈసారి సాగదీసింది దాదాపు దానికి ఎదురు దిక్కులో, కాలికి బలమున్న చోట బరువుగా ఉండేలా. అటు తిప్పినా లాభమే, ఇటు తిప్పినా లాభమే అంటే ఎట్లా? 2012లో బ్రాడ్లీ విగిన్స్ అలాంటి చక్రంతోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు, నిజమే. గుండ్రటి చక్రాలతో గెలిచినవాళ్ళు అంతకంటే చాలా ఎక్కువ మంది. గెలిచినవాడి సైకిల్ మీద ఉన్నదల్లా గెలుపుకు కారణం కాదు.

ఇక "పైకి లాగు" అనే పాఠం. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో సైక్లిస్టులతో నాలుగు రకాలుగా తొక్కించి చూశారు: వాళ్ళకు అలవాటైనట్టు, గుండ్రంగా, పైకి లాగుతూ, కిందికి నొక్కుతూ. పైకి లాగినప్పుడు పెడల్ మీద బలం పడే తీరు చూడటానికి బాగుంది. కానీ అదే పనికి ఒంట్లో శక్తి ఎక్కువ ఖర్చయింది. కొద్దిమందితో చేసిన పరీక్ష అది, అదే చివరి మాట అనను. కానీ ఆదివారం సభలో అంత గట్టిగా చెప్పిన మాటకు కింద పునాది అంత గట్టిది కాదని మాత్రం తెలిసింది.

టైర్ల సంగతీ అంతే. టైరు ఎంత సన్నగా ఉండి, గాలి ఎంత గట్టిగా కొడితే అంత వేగమని పందేలవాళ్ళు ఎన్నో ఏళ్ళు నమ్మారు. నున్నటి డ్రమ్ము మీద కొలిస్తే అట్లాగే కనపడుతుంది. గతుకుల రోడ్డు మీద మాత్రం గట్టి టైరు మనిషిని ఎగరేసి శక్తి తినేస్తుంది. ఇప్పుడు అదే పందేలవాళ్ళు 28 మిల్లీమీటర్లు, అంతకంటే వెడల్పు టైర్లు వేస్తున్నారు. మా నాయిన టైరు మొదటి నుంచీ అంకెంపావో అంగుళంన్నరో వెడల్పు ఉంటుంది!

ఇక్కడిదాకా చదివి "అయితే ఇదంతా దోపిడీ, పాతదే మంచిది" అనుకుంటే, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కొంచెం ఆగండి. అనుమానం మనకొక్కరికే ఉన్న ఆయుధం కాదు. పెద్దలకూ ఉంటుంది. వాళ్ళ అనుమానం వేరే పని చేస్తుంది.

టూర్ డి ఫ్రాన్స్‌ను 1903లో మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కు గేర్లంటే గిట్టదు. గేర్లు బలహీనులకు అని ఆయన నమ్మకం. ఆ పందెంలో అందరికీ గేర్లు మార్చే డిరేలర్ ఒప్పుకున్నది 1937లో. అప్పటిదాకా గుట్ట రాగానే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకుని ఎక్కేవాళ్ళు. ఈ రోజు గేర్లు లేని పందెం సైకిల్‌ను ఊహించగలమా?

1933లో ఫ్రాన్సిస్ ఫోర్ అనే ఫ్రెంచ్ మనిషి వెల్లకిలా పడుకుని తొక్కే సైకిల్ మీద గంటలో 45.055 కిలోమీటర్లు పోయాడు. 1914 నుంచి నిలిచి ఉన్న 44.247 రికార్డును దాటాడు. మర్నాటి సంవత్సరం అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం కూర్చుని, అసలు సైకిల్ అంటే ఏమిటో నిర్వచనం రాసింది. ఆ నిర్వచనంలో పడుకుని తొక్కేది పట్టలేదు. ఓడించలేకపోతే నిర్వచనం మార్చడం మనకు తెలియని విద్య కాదు.

గ్రేమ్ ఓబ్రీ కథ ఇంకా దగ్గరగా ఉంటుంది. స్కాట్లండ్ మనిషి. వెనక పెద్ద కంపెనీ లేదు. సైకిల్ తానే కట్టుకున్నాడు, అందులో పాత వాషింగ్ మెషీన్ బేరింగ్ వాడాడు. చేతులు మడిచి ఛాతీ కింద ముడుచుకుని గాలికి అడ్డం తగ్గించుకునే భంగిమ కనిపెట్టాడు. 1993 జూలై 17న నార్వేలోని హామర్‌లో గంటలో 51.596 కిలోమీటర్లతో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆరు రోజులకు క్రిస్ బోర్డ్‌మన్ దాన్ని దాటాడు, 1994లో ఓబ్రీ మళ్ళీ తీసుకున్నాడు. ఆ ఏడాదే ఆ భంగిమను నిషేధించారు. చేతులు ముందుకు చాపే ఇంకో భంగిమ కనిపెట్టి 1995లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అదే భంగిమతో 1996లో బోర్డ్‌మన్ 56.375 కిలోమీటర్లు పోయాడు. తర్వాత దాన్నీ నిషేధించారు.

తర్వాత, 1972 నాటి ఎడ్డీ మెర్క్స్ తొక్కినలాంటి మామూలు సైకిలే గంట రికార్డుకు ఉండాలన్నారు. 2000లో అదే బోర్డ్‌మన్ ఆ సైకిల్ మీద 49.441 పోయాడు. మెర్క్స్ కంటే 10 మీటర్లు ఎక్కువ. నాలుగేళ్ళ వయసు తేడా తీసేసినా, ఒకే మనిషికి భంగిమ, సామాను మారితే దాదాపు 7 కిలోమీటర్లు తేడా! కాబట్టి "సామానులో ఏముంది, అంతా కాలిలోనే ఉంది" అనేది కూడా అబద్ధమే.

మరి ఎవరిని నమ్మాలి? వేగాన్ని అడగాలి. గాలి అడ్డు వేగంతో సమంగా పెరగదు. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు, మూడింతలైతే తొమ్మిది రెట్లు. గంటకు 45 కిలోమీటర్లతో పోయేవాడు గాలితోనే కొట్లాడుతున్నాడు. తాపీ సంచితో గంటకు 15 పోయే మా నాయిన గుంతలతో, బరువుతో, ఎండతో కొట్లాడుతున్నాడు. బోర్డ్‌మన్‌కు నిజమైనది మా నాయినకు నిజం కానక్కర్లేదు. ఇద్దరికీ ఒకటే సామాను అమ్మజూపేవాణ్ణి మాత్రం అనుమానించాలి.

ఇదంతా చదివి, నాకు అనుమానించడం వచ్చేసిందనుకున్నాను. అసలు పాఠం తర్వాత వచ్చింది.

మా నాయినకు మోకాళ్ళ నొప్పులు. కూసుంటే లేవలేడు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాడు. ఆయన సైకిల్ సీటు బాగా కిందికి ఉంటుంది. తొక్కుతుంటే మోకాళ్ళు కడుపు దాకా వస్తాయి. నేను చదివిన వాటన్నిటిలో పైసా ఖర్చు లేని టెక్నిక్ ఒకటుంది. సీటు మీద కూర్చుని, పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా రావాలి. అప్పుడు వేళ్ళ దగ్గర ఆనించి తొక్కితే మోకాలు కొంచెం మాత్రమే వంగుతుంది. సీటు మరీ కిందికుంటే మోకాలు ప్రతి తిప్పుకూ ఎక్కువ వంగి, చిప్ప మీద భారం పడుతుంది.

ఒక పండుగకు ఊరికి పోయి, పానా తీసి, నాయినా నీ సీటు మూడంగుళాలు లేపుతున్నా అన్నాను.

"వద్దు. కాళ్ళు కింద ఆనాలె."

"పడిపోతవని భయమా?"

మాట్లాడలేదు. నేను ఊరుకోలేదు. మడమ సంగతి, మోకాలి చిప్ప సంగతి, అన్నీ చెప్పాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పాతదాన్ని పట్టుకుని వేలాడటం మన రోగం అని కూడా అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది.

అంతా విని నాయిన మెల్లగా అన్నాడు.

"మీ తాత మొదలు సైకిల్ కొన్నడు సూడు, సెకండ్‌హాండ్‌ది. దాని మీదనే నేను నేర్సుకున్న. ఊళ్ళెకు రావాలంటే పెద్ద బజార్ల నుంచే దారి. అరుగుల మీద పటేండ్లు కూసోని ఉంటరు. ఆడికి రాంగనే దిగాలె. నడిపిచ్చుకుంట పోయి, బజారు దాటినంక ఎక్కాలె. సీటు ఎత్తుకుంటే దిగుడు ఆలిశమైతది. ఒకపారి ఆలిశమైంది."

"ఏమైంది?"

"ఏమైందంటే ఏం జెప్తరా. మల్ల సీటు దించిండు."

పానా చేతిలోనే ఉంది.

మా తాతకు ఉన్నపళంగా దిగడం వచ్చు. ఆ కాలంలో మా వాడలో సైకిల్ ఉన్నవాళ్ళు నేర్చుకోవాల్సిన మొదటి టెక్నిక్ అది. దానికి తగ్గట్టు సీటు బిగించుకున్నాడు. నాయిన ఆ సీటు మీదే నేర్చుకున్నాడు. తర్వాత సొంత సైకిల్ కొన్నా అదే ఎత్తులో బిగించాడు. నాయిన పెద్దయ్యేనాటికి బజార్లో దిగాల్సిన పని పోయింది, కొట్లాడి పోగొట్టారు. సీటు మాత్రం అక్కడే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు ఆయన మోకాళ్ళు ఆ ఎత్తులోనే తిరిగాయి.

తక్కువ సీటు మీద తొక్కే ప్రతి మనిషి వెనకా ఇదే కథ ఉందని నేననను. బరువు మోసేవాళ్ళు, రద్దీలో ఆగి ఆగి పోయేవాళ్ళు కూడా సీటు కిందికే పెట్టుకుంటారు. కానీ మా ఇంటి సీటు కథ ఇది. అవమానాల మీద పేజీలకు పేజీలు చదివి డాక్టరేట్ తెచ్చుకున్న నాకు, ఇంటి ముందు స్టాండేసి ఉన్న సైకిల్ చదవడం రాలేదు. నాయినది మూర్ఖత్వం అనుకున్నాను. "ఈ మనిషి ఎందుకు వద్దంటున్నాడు?" అని ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే బాగుండేది.

ఆ రోజు సీటు లేపలేదు. పానా సంచిలో పెట్టేసి వచ్చాను.

నెల తర్వాత పోయి చూస్తే సీటు పైపు మీద సుతారి పెన్సిల్‌తో గీతలున్నాయి. వారానికి ఒక గీత చొప్పున తానే లేపుకుంటున్నాడు. ఒకటి లేపి, వారం తొక్కి, నొప్పి చూసుకుని, ఇంకోటి. నాలుగు గీతల దగ్గర ఆపాడు. నేను చెప్పిన మూడంగుళాలు కాదు, రెండుకు కొంచెం తక్కువ. మొన్న అడిగాను, నొప్పి తగ్గిందా అని.

"మెట్లెక్కేటప్పుడు జర నయం. కని ఈ నెల పని గూడ తక్కువున్నది. సీటుదో, పని తక్కువదో, ఎట్ల జెప్త?"

నా మూడు నిమిషాల సంబరానికి ఇంతకంటే మంచి జవాబు ఏ పరిశోధనలోనూ దొరకలేదు. తనకు మేలు జరిగినట్టు అనిపించిన దాన్ని కూడా అనుమానించగలగడమే నిజమైన అనుమానం.

ఇప్పుడు పెద్ద బజారులో నుంచి నాయిన దిగకుండా పోతాడు. ఇదివరకూ దిగేవాడు కాదు. కానీ ఇప్పుడు రెండంగుళాలు ఎత్తున పోతాడు.

ఇక మా అమ్మాయికి రాసిన జవాబు. నాలుగు ప్రశ్నలు రాశాను. ఒకటి, ఈ లాభం ఎవరు కొలిచారు, అమ్మేవాడా, వేరేవాళ్ళా? రెండు, ఏ వేగం దగ్గర కొలిచారు, నువ్వు ఆ వేగంతో పోతావా? మూడు, పాడైతే మీ ఊరి సైకిల్ షాపులో బాగవుతుందా? నాలుగు, ఈ డబ్బు దీనికి పెడితే దేనికి ఆగిపోతుంది? కింద ఇంకొన్ని మాటలు రాశాను. సెలక్షన్స్‌లో గంటకు 35 దాకా పోవాల్సి వస్తుంది కాబట్టి గాలి లెక్క నీకు ఉంది. ముందు మోచేతులు మడిచి, వీపు వంచి తొక్కడం నేర్చుకో, దానికి రూపాయి ఖర్చు లేదు. సీటు మడమతో సరిచూసుకో. మంచి టైర్లు, కొత్త బ్రేకు రబ్బర్లు వేయించుకో. అతుక్కునే పెడల్స్ వల్ల గట్టిగా లేచి తొక్కేటప్పుడు కాలు జారదు, ఆ లాభం నిజమే, కానీ అది తర్వాత.

బాగా రాశాననుకున్నాను. రాత్రి జవాబొచ్చింది.

"సార్, మీరు కొని చూసి తెలుసుకున్నరు. మేము కొనకుండనే తెలుసుకోవాల్నా?"

చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయి అడిగింది నిజం. అనుమానం కూడా చేతిలో కొంచెం డబ్బున్నవాడికే తేలిగ్గా వస్తుంది. వాడి చూసి "ఇందులో ఏమీ లేదు" అనడం ఒకటి. వాడకుండానే "నీకెందుకు" అనిపించుకోవడం ఇంకొకటి. మన పిల్లలకు ఇంగ్లీషు దగ్గర, కంప్యూటర్ దగ్గర, ప్రతిచోటా ఆ రెండోదే చెప్పారు. నేనూ అదే గొంతుతో చెప్పానా?

పొద్దున ఫోన్ చేశాను. నా సైకిల్ నెల రోజులు తీసుకపొమ్మన్నాను. ఫ్రేము సైజు కలిసింది. అటక మీది కోడిగుడ్డు చక్రం కూడా దించి ఇచ్చాను. పది రోజులు అది, పది రోజులు ఇది, మార్చి మార్చి తొక్కు, నోట్‌బుక్‌లో రాయి, గాలి ఎటు కొట్టిందో కూడా రాయి అన్నాను. నా లెక్క తప్పయితే ఇక్కడే, ఇదే గోడ మీద ఒప్పుకుంటాను. స్కాలర్‌షిప్ డబ్బు అప్పటిదాకా బ్యాంకులోనే ఉంటుంది.

నిన్న పొద్దున సైకిల్ తీసుకోవడానికి వచ్చింది. ఎక్కేముందు సీటు మీద చెయ్యి వేసి నన్ను చూసింది.

"సార్, ఇది ఎంత ఎత్తుండాలె?"

మా నాయిన ఇచ్చిన పెన్సిల్ ముక్క చేతిలో పెట్టాను. నువ్వే గీసుకో అన్నాను.

వచ్చే భాగంలో కలుద్దాం. జై భీమ్.